ముడత పైకా, కిందికా?

ఈ మధ్య అధ్యాపకుల కోసం పెట్టిన ఒక ఏఐ శిక్షణకు వెళ్లొచ్చాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రాంప్టు, అంటే ఏఐకి ఇచ్చే ఆదేశం, ఎలా రాయాలన్నదే పాఠం. "నువ్వు పదేళ్ల అనుభవం ఉన్న ఫిజిక్స్ టీచరువి" అని మొదలుపెడితే జవాబు ఒకలా వస్తుంది, "పట్టికలో ఇవ్వు" అంటే ఇంకోలా వస్తుంది. చివర్లో ఒక పీడీఎఫ్ పంపారు. పాఠ్యప్రణాళికకు కొన్ని ప్రాంప్టులు, ప్రశ్నపత్రానికి కొన్ని, పిల్లలకు నేర్పడానికి కొన్ని. నా పక్కన కూర్చున్న సివిల్ లెక్చరర్ "ఇది పిల్లలకి వాట్సాప్‌లో పంపేస్తే సరిపోతుంది కదండీ, మళ్లీ క్లాసెందుకు?" అన్నారు. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఆ ప్రాంప్టుల్లో చాలావాటి అవసరం వచ్చే వెర్షన్‌కే తీరిపోతుంది.

నేను పల్నాడు వైపు ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీఎంఈ (కంప్యూటర్ ఇంజనీరింగ్) బ్రాంచికి పాఠాలు చెబుతాను. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి వచ్చే పిల్లలు వీళ్లు. చాలామంది ఇళ్లల్లో మిరపో పత్తో పండిస్తారు. ఏఐ వాడటం వీళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. రికార్డులు, అసైన్‌మెంట్లు, ఇంట్లోవాళ్లకు బ్యాంకు లెటర్లు అన్నీ ఫోన్లోనే రాయించుకుంటున్నారు. సీబీఎస్ఈ 2019-20లోనే తొమ్మిదో తరగతికి ఏఐని ఐచ్ఛికంగా పెట్టింది. ఇప్పుడు 2026-27 నుంచి మూడో తరగతి నుంచే అని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. అందుకే ఏం నేర్పుతాం, ఎలా నేర్పుతాం అన్నది ఇప్పుడే గట్టిగా మాట్లాడుకోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్లలకు జెనరేటివ్ ఏఐ, అంటే అడిగింది కొత్తగా రాసిపెట్టే ఏఐ, నేర్పడమంటే రెండు పనులు చేయించడం. అది లోపల ఏం చేస్తుందో ఒకసారి తమ చేతుల్తో చేసి చూడాలి. ఆ తర్వాత తమకు తెలిసిన ఒక మనిషి కోసం దాంతో ఒక చిన్న వస్తువు తయారుచేసి, అది పట్టుకుని ఆ మనిషి ముందు నిలబడాలి. రెండోది లేకపోతే మొదటిది నాలుగు రోజుల్లో మర్చిపోతారు.

చీటీలతో కథ

మొదటి ల్యాబ్‌లో కంప్యూటర్లు ఆన్ చేయనివ్వను. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథలు రెండు మూడు పేజీలు రాసుకు రమ్మంటాను. ఆ పేజీల్లో ప్రతి మాట తర్వాత ఏ మాట వచ్చిందో చీటీల మీద రాసి, మాటకో డబ్బా చొప్పున వేస్తారు. ముందుగా "విశ్వదాభిరామ తర్వాత ఏంటి?" అని అడిగితే క్లాసంతా "వినురవేమ" అని అరుస్తుంది. ఆ డబ్బాలో ఒకటే రకం చీటీ. "అనగనగా" డబ్బాలో "ఒక", "ఓ" ఉంటాయి. "ఒక" డబ్బాలోకి వచ్చేసరికి రాజు, ఊళ్లో, ముసలమ్మకి, రోజు, అడవిలో, ఇలా పది రకాలు. ఇక కళ్లు మూసుకుని చీటీ తియ్యడం, వచ్చిన మాట డబ్బాకి వెళ్లడం, మళ్లీ తియ్యడం.

ఒక గుంపుకి వచ్చిన వాక్యం నా నోటుపుస్తకంలో ఉంది: "అనగనగా ఒక ముసలమ్మకి ఏడుగురు కొడుకులు వేటకి వెళ్లి ఏడు చేపలు తెచ్చిన పులి నవ్వింది." అందరూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక "ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఏ చీటీలోనూ అబద్ధం లేదు. ప్రతి జంటా ఎవరో ఒకరి కథలో ఉన్నదే. వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి కాసేపు ఆగి "పక్కపక్కనున్న రెండేసి మాటలూ కరెక్టే మేడమ్, మొత్తం మాత్రం ఎక్కడా జరగలేదు" అంది. లేని పుస్తకం పేరు, లేని కోర్టు తీర్పు ఏఐ అంత నిబ్బరంగా ఎలా చెప్పగలుగుతుందో అరగంట ఉపన్యాసం ఇచ్చినా ఇంత బాగా ఎక్కదు.

1913లో రష్యన్ గణితజ్ఞుడు మార్కోవ్ చేసింది ఇంచుమించు ఇదే పని. పుష్కిన్ కావ్యంలోంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తుంది, హల్లు ఎన్నిసార్లు వస్తుంది అని చేత్తో లెక్కపెట్టాడు. వందేళ్ల కిందట ఒక మనిషి కాగితం, పెన్సిలుతో చేశాడని చెబితే పిల్లలకు ఈ విద్య మీద ఉన్న బెరుకు కొంత పోతుంది.

ఇక్కడ నాకో సందేహం ఎప్పుడూ ఉంటుంది. చీటీల ఆట అయ్యాక కొందరు "ఓస్, ఇంతేనా" అనేస్తారు. ఇంతే కాదు. ఇప్పటి ఏఐ మోడళ్లకు ఆధారం 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం. అది ముందున్న ఒక్క మాట చూసి ఊరుకోదు. అంతకు ముందు వచ్చిన మాటలన్నీ చూస్తుంది, అందులో ఏ మాట ఏ మాటకు ఎంత ముఖ్యమో లెక్కగడుతుంది. ఆపైన మనుషులు ఏ జవాబు బాగుందన్నారో దాన్నిబట్టి మళ్లీ శిక్షణ ఇస్తారు. చీటీల డబ్బాలు ఎన్ని పెట్టినా కొత్త లెక్క ఒక్కటీ చెయ్యలేవు. ఇప్పటి మోడళ్లు చేస్తున్నాయి. కాబట్టి ఆ ఆట ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో అదే రోజు చెప్పెయ్యాలి. లేకపోతే "వట్టి చీటీల గారడీ" అని తీసిపారేసేవాళ్లు ఒకవైపు, "దానికి అన్నీ తెలుసు" అనేవాళ్లు ఒకవైపు తయారవుతారు. ఇద్దరూ దాన్ని సరిగ్గా వాడలేరు.

ఆటలో పిల్లలే పట్టుకునే ఇంకో సంగతి ఉంది. రాజు, రాజుకి, రాజుగారు, రాజులందరూ, వీటికి ఒక డబ్బా పెట్టాలా, నాలుగు పెట్టాలా? గుంపుల్లో పెద్ద వాదన అవుతుంది. "రాజు" విడిగా, "కి" విడిగా పెట్టుకుందాం అని ఎవరో ఒకరు అంటారు. ఏఐ కూడా మాటల్ని ఇలాగే ముక్కలు చేసుకుంటుంది, ఆ ముక్కనే టోకెన్ అంటారు. అంతే, టోకెన్ పాఠం అయిపోయినట్టే. అప్పుడు కంప్యూటర్ ఆన్ చేసి "స్త్రీ" అన్న ఒక్క అక్షరం రాసి చూపిస్తాను. కంటికి ఒకటే. లోపల మాత్రం ఆరు సంకేతాలు, 18 బైట్లు. 2024 మేలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు తనే కొన్ని అంకెలు పెట్టింది. ఒకే అర్థమున్న చిన్న పేరాకి పాత పద్ధతిలో ఇంగ్లీషుకు 27 టోకెన్లు పడితే తెలుగుకు 159 పడేవి. కొత్తదాంట్లో ఇంగ్లీషు 24, తెలుగు 45. టోకెన్ల లెక్కన డబ్బు కట్టేచోట, అదే మాట తెలుగులో చెప్పినందుకు దాదాపు ఆరు రెట్లు కట్టాల్సొచ్చేదన్నమాట. ఈ అంకెలు చూసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే కోపం నాకు మంచిదనిపిస్తుంది. ఈ యంత్రాన్ని ఎవరో కొందరు కూర్చుని, ఏవో నిర్ణయాలు తీసుకుని కట్టారని వాళ్లకు మొదటిసారి అర్థమయ్యేది అక్కడే. నిర్ణయం మారితే 159 కాస్తా 45 అయింది కదా.

తెలిసినంత మాత్రాన

ఇంతవరకు చెప్పింది చదివి "లోపలి సంగతి తెలిస్తే పిల్లలు మోసపోరు" అని నేనంటున్నాననుకోవచ్చు. అలా అనడానికి నాకు ధైర్యం చాలదు. ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ఎలైజా అనే ప్రోగ్రాం సంగతి ప్రచురించాడు. మనం టైపు చేసిన మాటనే కాస్త తిప్పి ప్రశ్నగా వేసే చిన్న ప్రోగ్రాం అది. ఆయన సెక్రటరీ నెలల తరబడి ఆయన దాన్ని రాస్తుండగా చూసింది. అది వట్టి ప్రోగ్రాం అని ఆమెకు బాగా తెలుసు. అయినా దాంతో నాలుగు మాటలు మాట్లాడగానే, కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని ఆయన్నే అడిగింది.

ఈ సంగతి నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. నా చీటీల పాఠం ఎంత బాగా చెప్పినా, ఆ సాయంత్రమే హాస్టల్‌కి వెళ్లి ఏఐ ఇచ్చిన జవాబుని చదవకుండా రికార్డులో ఎక్కించే పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. దాని గుట్టు తెలిసినా, ఆ క్షణంలో జాగ్రత్తగా ఉండాలన్న అవసరం వాళ్లకు కనిపించలేదు. ఆ అవసరం ఎక్కడినుంచి వస్తుందో నాకు చూపించింది ఒక మిరపతోట.

మిరపతోటలో

చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక గుంపు మిరప రైతుల కోసం తెలుగులో మాట్లాడే బాట్ చేసింది. రైతు ఫోన్లో అడుగుతాడు, అది తెలుగులో జవాబు చెబుతుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల సాగు సూచనల పుస్తకం, వ్యవసాయ పంచాంగంలోంచి మిరప పేజీలు దానికి అందించారు. కాలేజీలో డెమో బ్రహ్మాండంగా జరిగింది. గొంతు స్పష్టంగా ఉంది, భాష చక్కగా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఆ గుంపులో ఒకబ్బాయి వాళ్ల నాన్న కౌలుకి మిరప వేస్తాడు. "ఆదివారం నాన్నకిచ్చి అడగమను, నువ్వు మధ్యలో మాట్లాడకు, రికార్డు చేసి తీసుకురా" అని చెప్పాను.

రికార్డింగు నేనూ విన్నాను. ఆయన అడిగింది ఒక్క ముక్క: "మిరపకి ముడతొచ్చింది, ఏం కొట్టాలి?" బాట్ గడగడా ఒక మందు పేరు, లీటరు నీటికి ఎంత కలపాలో, ఎన్ని రోజులకు మళ్లీ కొట్టాలో చెప్పేసింది. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన గొంతు: "ముడత పైకా కిందికా అడక్కుండానే మందు చెప్పిందేందిరా?"

మిరప పండించేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, అది పైముడత. తెల్లనల్లి పడితే ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా అవుతుంది, అది కింది ముడత. పురుగుకి కొట్టే మందులు చాలావరకు నల్లి మీద పనిచేయవు, దానికి నల్లి మందే కొట్టాలి. ఇవి రెండూ కాకుండా తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్ వల్ల కూడా ఆకు ముడుచుకుంటుంది. దానికి మందే లేదు, దోమని అదుపు చేసుకోవడమే. 2021లో మన మిరప తోటలమీద పడ్డ నల్ల తామర పురుగైతే పూతలోనే చేరుతుంది. అందుకే ఆయన రికార్డింగులో ఇంకో మాట కూడా అన్నాడు: "పూత తెంపి తెల్ల కాయితం మీద దులిపి చూడమని చెప్పాల గదా."

చిత్రమేమిటంటే ఈ తేడాలన్నీ పిల్లలు అందించిన పేజీల్లో ఉన్నాయి. బాట్‌కి సమాచారం లేక తప్పు చెప్పలేదు. అడిగినదానికి వెంటనే జవాబివ్వాలన్నది దాని అలవాటు. ఎదుటివాళ్లను ముందు ప్రశ్న అడగాలన్నది ఎవరైనా పెడితేనే అందులో ఉంటుంది. ఆ అబ్బాయికి పైముడత, కింది ముడత తేడా చిన్నప్పట్నుంచీ తెలుసు. ల్యాబ్‌లో కూర్చుని టెస్ట్ చేసినన్నాళ్లూ మాత్రం అది గుర్తుకు రాలేదు. నాన్న ముందు నిలబడ్డాకే వచ్చింది.

ఆ తర్వాత వారాల్లో జరిగిన పనినే నేను డిజైన్ అంటాను. బాట్ ముందు మూడు ప్రశ్నలు అడిగేలా మార్చారు: ఆకు ఎటు ముడుచుకుంది, పూత దులిపితే ఏమన్నా కనిపించిందా, పైరు వయసెంత. అప్పటిదాకా మందు మాట ఎత్తకూడదు. "ఏమో, సరిగ్గా చూడలేదు" అని రైతు అంటే, చూసి వచ్చాక మళ్లీ అడగమని చెప్పి ఆగిపోవాలి. ఈ ఆగిపోవడం చేయించడానికే వాళ్లకు ఎక్కువ రోజులు పట్టింది. ఎన్ని రకాలుగా రాసినా నాలుగోసారి అడిగేసరికి ఏదో ఒక మందు చెప్పేసేది.

మోతాదు దగ్గర గుంపులోనే పెద్ద గొడవైంది. ఎంత కలపాలో బాట్ చెప్పకూడదు, రైతు సేవా కేంద్రానికో కిసాన్ కాల్ సెంటర్‌కో పంపాలి అని ఇద్దరన్నారు. ఒకమ్మాయి ఒప్పుకోలేదు. "మనం చెప్పకపోతే పురుగుమందుల కొట్టాయన చెబుతాడు మేడమ్. ఆయన దగ్గర ఏది ఎక్కువ స్టాకుంటే అది ఇస్తాడు. అప్పుడు మనం జాగ్రత్తగా ఉండి ఎవరికి లాభం?" అంది. ఆ అమ్మాయి మాటలో చాలా బరువుంది. ఏఐ ప్రమాదాల గురించి రాసేవాళ్లు దాన్ని నిపుణులతో పోల్చి చూస్తారు. పల్లెలో దాంతో పోటీ పడేది నిపుణులు కాదు, బాకీ మీద మందులిచ్చే కొట్టాయన. చివరికి వాళ్లు మధ్యేమార్గం పట్టారు. మోతాదు బాట్ సొంతంగా వాక్యం కట్టి చెప్పదు. పంచాంగంలో ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు, పేజీ నంబరుతో సహా చదువుతుంది. ఆ పేజీ దొరకకపోతే తెలియదంటుంది.

అయినా చిక్కు తీరలేదు. పుస్తకంలో లీటరు లెక్క, రైతుది ట్యాంకు లెక్క. "ట్యాంకుకెంత?" అని అడిగితే ఎవరి ట్యాంకు? చేత్తో కొట్టేది 16 లీటర్లది ఉంటుంది, పవర్ స్ప్రేయర్ 20 లీటర్లది ఉంటుంది. బాట్ తనంతట తానే ఒక ట్యాంకు కొలత ఊహించుకుని గుణించి చెప్పింది. గుణకారం సరిగ్గానే ఉంది, ట్యాంకే వేరేది.

పద్యం దగ్గర సంగతి వేరు

ఇంకో గుంపు తీసుకున్నది పూర్తిగా భిన్నమైన పని. దగ్గర్లోని హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు, పిల్లలు గణవిభజన సాధన చెయ్యడానికి కొత్త కొత్త ఆటవెలదులు కావాలన్నారు. ఏఐని అడిగారు. నాలుగు పాదాలు, చివర్లో వేమన మకుటం, వినడానికి పద్యంలాగే ఉంది. మాస్టారు మొదటి పాదం దగ్గరే ఆగి వేళ్లు లెక్కపెట్టి "ఇది ఆటవెలది కాదమ్మా, దేనికీ చెందదు" అన్నారు.

దీనికి విరుగుడు పిల్లల చేతిలోనే ఉంది. ఆటవెలది నియమం ఖచ్చితమైంది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. వాళ్లు లఘువు, గురువు గుర్తించే చిన్న ప్రోగ్రాం తామే రాశారు. దీర్ఘమైతే గురువు, సున్నా ఉంటే గురువు, వెనక సంయుక్తాక్షరం వస్తే ముందున్నది గురువు. మొదట పరీక్షించింది అందరికీ తెలిసిన మకుటాన్నే: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు సూర్యగణాలు, వికి వి యతి. ప్రోగ్రాం సరే అనగానే ఆ పిల్లల ఆనందం చూడాలి. ఆ తర్వాత ఏఐ రాసిన పాదాలు ఒక్కొక్కటీ ఆ జల్లెడలోంచి పోనిచ్చారు. చాలావరకు ఆగిపోయాయి. అక్షరాన్ని అక్షరంగా చూడకుండా టోకెన్ ముక్కలుగా చూసే యంత్రానికి లఘుగురువులు ఎందుకు కష్టమో, "స్త్రీ" పాఠం గుర్తున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే చెప్పారు.

నియమం ఉన్నచోట తప్పును యంత్రంతోనే పట్టించవచ్చు, ముడత దగ్గర అలా కుదరదు. అక్కడ తోట చూసిన కళ్లు కావాలి. మనం చేయబోయే పని ఈ రెండింటిలో ఏ రకమో ముందే పోల్చుకోవడం నా దృష్టిలో ఏ ప్రాంప్టు కన్నా విలువైన విద్య. అయితే గణాలు కుదిరినంత మాత్రాన పద్యం బాగున్నట్టు కాదని మాస్టారు తేల్చేశారు. జల్లెడ దాటి వచ్చినవాటిలో కూడా ఆయన సగం కొట్టేశారు. ఆయన ఎందుకు కొట్టేశారో రాసే ప్రోగ్రాం పిల్లలకు దొరకలేదు.

ముందు బేసిక్స్ రానివ్వండి అనేవారికి

మా మ్యాథ్స్ లెక్చరర్ గారు ఈ పద్ధతికి గట్టి వ్యతిరేకి. "లూప్ రాయడం రానివాడికి ఏఐ ఇస్తే లూప్ ఎప్పటికీ రాదు" అంటారు. ఆయన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే దానికి ఆధారం ఉంది. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది పిల్లలతో గణితంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మామూలు చాట్‌జీపీటీ లాంటిది చేతిలో ఉన్నవాళ్లు సాధన చేసేటప్పుడు 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టనివాళ్ల కన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు.

లెక్చరర్ గారు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆ ప్రయోగంలో మూడో గుంపు కూడా ఉంది. వాళ్లకిచ్చింది కూడా అదే మోడల్. కాకపోతే జవాబు నేరుగా చెప్పకుండా, ఉపాధ్యాయులు రాసిచ్చిన సూచనల ప్రకారం దారి చూపేలా తయారుచేశారు. ఆ పిల్లలు సాధనలో 127 శాతం మెరుగ్గా చేశారు, తర్వాత పరీక్షలో వెనకబడటమన్నది దాదాపు కనిపించలేదు. లోపలి యంత్రం ఒకటే, దాని చుట్టూ మనుషులు పెట్టిన కట్టుబాట్లు వేరు. డిజైన్ అంటే బొమ్మలు, రంగులు అనుకునేవాళ్లకు నేను ఈ ఫలితమే చూపిస్తాను.

అయినా ఆయన మాటలో సగం ఒప్పుకుంటాను. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఏఐ వద్దనే నా మాట. మిరప బాట్ చేసిన గుంపుకి కోడు రాయడం వచ్చు కాబట్టే, బాట్ ఎక్కడ తిరగబడుతోందో పట్టుకోగలిగారు. లఘుగురువుల ప్రోగ్రాం రాసినవాళ్లకూ అంతే. బేసిక్స్ వచ్చాక ఏఐ ఇవ్వడమన్న ఆయన వరుస నాకు సమ్మతమే. బేసిక్స్ వస్తే చాలు, ఏఐ సంగతి వాళ్లే చూసుకుంటారు అంటేనే నా అభ్యంతరం.

మార్కులు ఎలా వేస్తున్నాను

ఏఐతో రాశారో లేదో పట్టే సాఫ్ట్‌వేర్ల జోలికి నేను పోను. ఓపెన్‌ఏఐ స్వయంగా తయారుచేసిన పరికరమే ఏఐ రాసినవాటిలో 26 శాతమే పట్టగలిగింది. 2023 జులైలో దాన్ని వాళ్లే మూసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని ఇలాంటి పరికరాలు ఏఐ రాసిందని ముద్ర వేస్తున్నాయని చూపించారు. తెలుగు మీడియంలో చదువుకుని, చిన్న చిన్న వాక్యాలతో జాగ్రత్తగా ఇంగ్లీషు రాసే మా పిల్లల మీద పడేది ఆ ముద్రే. ఆ అన్యాయానికి నేను ఒప్పుకోను.

దాని బదులు ప్రతి గుంపూ ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఏఐ ఇచ్చినదాంట్లో ఏది కాదన్నారో, ఎందుకు కాదన్నారో అందులో రాయాలి. వైవాలో నా ప్రశ్నలన్నీ అందులోంచే. "ఇక్కడ ఎందుకు ఆపావు? ఎవరిని అడిగి తెలుసుకున్నావు?" కాదన్నవి ఏవీ లేని పుస్తకానికి మార్కులు తక్కువ. దీన్నీ ఏఐతో రాయించుకోవచ్చు కదా అని అడిగారు కొందరు. రాయించుకోవచ్చు. కానీ ఎదురుగా కూర్చుని, వాళ్ల నాన్న ఏమన్నాడో చెప్పమంటే తెలిసిపోతుంది. క్లాసులో అరవై మంది ఉన్నప్పుడు ఇలా వైవా చెయ్యడం చాలా కష్టం, సమయం చాలదు. ఈ కష్టానికి నా దగ్గర ఇంకా మందు లేదు. సిలబస్ తయారుచేసేవాళ్లు ఏఐ పేరుతో కొత్త పేపర్ పెట్టే ముందు ప్రాజెక్టుకి గంటలు పెంచాలని అడుగుతున్నాను.

ఉద్యోగాల సంగతి ప్రతి తల్లీతండ్రీ అడుగుతారు. వాళ్లు అడగడం న్యాయం. కంపెనీలు ఫలానా టూల్ వచ్చా అని అడుగుతాయి, అది నేర్చుకోవడానికి వారం పదిరోజులు చాలు. తాను చేసినదాన్ని వాడేవాడి దగ్గరికి తీసుకెళ్లి, తిట్లు తిని, మార్చుకుని రావడానికి ఏళ్లు పడుతుంది. మొదలుపెట్టడానికి కాలేజీని మించిన చోటు లేదు, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే మార్కులే పోతాయి, పంట పోదు.

పంట పోకూడదనే, మిరప గుంపు చివర్లో ఒక నిర్ణయం తీసుకుంది. డిప్లొమా అయిపోయి వాళ్లు నాలుగు చోట్లకి వెళ్లిపోతున్నారు. మందుల సిఫార్సులు ఏటా మారతాయి, కొన్ని నిషేధంలోకి వెళతాయి. పాత పేజీలు చదివే బాట్‌ని ఊళ్లో వదిలేస్తే దాని బాధ్యత ఎవరిది? వాళ్లు దాన్ని ఆపేశారు. వాడుతున్న రైతులందరికీ ఫోన్ చేసి ఎందుకు ఆపుతున్నారో చెప్పారు. రైతులు అడిగిన ప్రశ్నల్లోంచి పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, ఆ ప్రశ్నలన్నీ ఒక చోట రాసి ఒక ప్రతి రైతు సేవా కేంద్రంలో, ఒకటి నాకు ఇచ్చారు. ఈ ఏడాది బ్యాచి ఆ పుస్తకం తీసుకుంది. వాళ్లు పెట్టుకున్న మొదటి పని ట్యాంకు కొలత: బాట్ లీటర్లు అడగాలా, లేక ట్యాంకు ఫొటో తీసి పంపమనాలా అని ప్రస్తుతం వాదించుకుంటున్నారు.